పసుపు డాలర్ పహరా

యూట్యూబ్‌నే జీవనాధారం చేసుకున్నవారికి వీడియో పక్కన ఆకుపచ్చ డాలర్ గుర్తు కనిపిస్తే ఊరట, పసుపు కనిపిస్తే టెన్షన్. పసుపు పడిందంటే ఆ వీడియో చాలామంది ప్రకటనదారులకు తగదని యూట్యూబ్ తేల్చినట్టే; ప్రకటనలు అంతంతమాత్రంగా వస్తాయి, లేదా అసలే రావు. మామూలు నిడివి వీడియోల మీద వచ్చే ప్రకటనల సొమ్ములో చానల్ వాటా 55 శాతం. ప్రకటనలే లేకపోతే వాటా ఎక్కడిది?

ఈ కట్టడి ఊరికే రాలేదు. 2017 మార్చిలో తీవ్రవాద వీడియోల్లో తమ ప్రకటనలు కనిపిస్తున్నాయని బ్రిటన్ ప్రభుత్వంతో పాటు పెద్ద కంపెనీలు ఎన్నో యూట్యూబ్‌కు ప్రకటనలు ఆపేశాయి. డబ్బు పెట్టేవారికి తమ పేరు ఎక్కడ కనబడాలో ఎంచుకునే హక్కుంది. ప్రకటనల మీద నడిచే పత్రికగా మేం దాన్ని కాదనలేం.

చిక్కంతా అమలులోనే. తొలి తీర్పు చాలావరకు యంత్రానిదే, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్‌దే. రైతు ఆత్మహత్యపై వీడియో చేసే కుర్రాడు ఆ మాట వచ్చిన చోటల్లా బీప్ వేస్తున్నాడు, థంబ్‌నెయిల్‌లో అక్షరాల మధ్య చుక్కలు పెడుతున్నాడు. కౌలు అప్పుల సంగతి చెప్పాల్సినవాడు యంత్రం కన్నుగప్పే తంటాలు పడుతున్నాడు! వీడియోను మనిషి చేత మళ్లీ పరిశీలింపజేయమని యూట్యూబ్‌కు అప్పీలు చేయవచ్చు. కానీ వార్తల వీడియోకు వ్యూస్ వచ్చేది మొదటి ఒకట్రెండు రోజులే. తర్వాత గుర్తు ఆకుపచ్చగా మారినా దక్కేది చిల్లరే.

ఇంత పహరా ఉన్నా బెట్టింగ్ యాప్‌లు మాత్రం దర్జాగా దూరాయి. వాటి డబ్బు నేరుగా ఇన్‌ఫ్లుయెన్సర్ చేతికే అందుతుంది, డాలర్ గుర్తుతో పనే లేదు. నవ్వుతూ లింక్ చూపించి, 'నేనూ ఆడుతున్నా' అంటే చాలు. 2025 మార్చిలో హైదరాబాద్‌లోని పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్లో నటులు, యూట్యూబర్ల మీద కేసులు పడ్డాకే ఆ నవ్వులు తగ్గాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది: డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. అప్పటికే ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో ఎవరు లెక్కగట్టారు?

యంత్రం కాపలా కాయాల్సింది ముందు ఈ గుమ్మం దగ్గర. ఇక పసుపు గుర్తు వేసిన ప్రతిసారీ ఏ నిమిషంలో ఏ మాట తప్పయిందో తెలుగులో చెప్పాలి. వార్తల చానళ్ల అప్పీలును ఒక్క రోజులో తేల్చాలి. తేల్చేందుకు కూర్చునేవారు మన యాసలో ఏది తిట్టో, ఏది ముద్దుమాటో తెలిసినవారై ఉండాలి.