వీపు వెనక సైగలు

మా బావ టెన్నిస్‌లో డబుల్స్ ఆటగాడు. సింగిల్స్ ఆడలేకే డబుల్స్‌లోకి వచ్చాడని అక్క అంటుంది. సింగిల్స్ ఒంటరి బతుకని బావ అంటాడు. 1999లో మన లియాండర్ పేస్, మహేశ్ భూపతి జోడీ గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు పెద్ద టోర్నీల్లోనూ ఫైనల్‌కి చేరి, పారిస్‌లో, వింబుల్డన్‌లో కప్పు ఎత్తినప్పుడు బావ ఇంటర్ చదువుతున్నాడు. పాయింటు గెలిచాక వాళ్ళిద్దరూ గాల్లోకి ఎగిరి ఛాతీకి ఛాతీ కొట్టుకోవడం చూసి ఎంసెట్ పుస్తకాలు అటకెక్కించేశాడు. పెళ్ళిలో తలంబ్రాలు అవగానే మా నాన్న వైపు అదే ఊపుతో రాబోతే, పురోహితుడు మధ్యలో అడ్డుపడి కాపాడాడు.

ఆటలో ఎంత సంపాదించాడంటే, చెప్పుకోవడానికి పెద్దగా లేదు. డబుల్స్‌లో గెలిచిన డబ్బు ఇద్దరూ పంచుకోవాలి, రైలు టికెట్టు మాత్రం ఎవరిది వాళ్ళదే. పైగా టోర్నీలో చోటు దొరకాలంటే ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. మంచి ర్యాంకున్నవాడు మనల్ని ఒప్పుకోవాలన్నమాట. అచ్చం పెళ్ళి సంబంధాల లాగే, బావని చూసి వెళ్ళినవాళ్ళు ఇంటికెళ్ళి కబురు చేస్తామనేవారు.

చివరికి బెంగళూరులో ఒక కాలేజీకి కోచ్‌గా వచ్చి పడ్డాడు. అయినా ఆశ చావలేదు. 2024 జనవరిలో రోహన్ బోపన్న 43 ఏళ్ళ వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి, నంబర్ వన్ కూడా అయ్యేసరికి, "చూశావా, నాకింకా టైముంది" అన్నాడు. "ఆయనకి కప్పొచ్చింది, నీకు మోకాలినొప్పొచ్చింది" అంది అక్క, జండూబామ్ అందిస్తూ.

కాలేజీ టీమ్‌లో బావ నమ్ముకున్న జోడీ ఒకటుంది. ఒకడిది నెల్లూరు, ఇంకొకడిది బళ్ళారి. విడివిడిగా ఇద్దరూ బంగారం. కలిపి దించితే అంతే సంగతులు. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36. అంత చోటుండగా బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకే వచ్చేది. నెల్లూరువాడు బళ్ళారివాణ్ణి చూసేవాడు, బళ్ళారివాడు నెల్లూరువాణ్ణి చూసేవాడు. బంతి ఇద్దరినీ చూసి వెళ్ళిపోయేది. "వాడిదనుకున్నా సార్."

అందుకని బావ వాళ్ళకి సైగలు నేర్పాడు. నెట్ దగ్గర నిలబడ్డవాడు వీపు వెనక చెయ్యి పెట్టి, సర్వ్ చేసేవాడికి మాత్రమే కనబడేట్టు సైగ చేస్తాడు. పిడికిలి బిగిస్తే ఉన్నచోటే ఉంటానని అర్థం. అరచెయ్యి తెరిస్తే అవతలి పక్కకి దూకుతానని, అప్పుడు వెనకవాడు ఖాళీ అయిన పక్కకి పరిగెత్తాలి. వేళ్ళు ఆడిస్తే దూకినట్టు నటించి వెనక్కొస్తానని. బావ రోజూ పొద్దున్నే కోర్టులో వీపు తిప్పి నిలబడి, చెయ్యి తెరుస్తూ మూస్తూ వీళ్ళని అటూ ఇటూ పరిగెత్తించేవాడు. మ్యాచ్‌లో మాత్రం ఒక్కసారి కూడా ఆ సైగ పనిచెయ్యలేదు.

ఇంతలో కాలేజీలో కొత్త కోర్టుల ప్రారంభోత్సవం వచ్చింది. ముఖ్య అతిథి రిటైరైన పెద్ద ఆఫీసరు. బెంగళూరులో సన్మానమంటే మైసూరు పేటా అనే తలపాగా, పళ్ళబుట్ట ఉండాల్సిందే. స్టేజి మీద కుడిపక్క ముఖ్య అతిథి, ఎడమపక్క ప్రిన్సిపాల్, మధ్యలో బ్లేజరులో ఉక్కపోస్తూ బావ. అతిథి వెనక పేటా పళ్ళెంతో నెల్లూరువాడు, ప్రిన్సిపాల్ వెనక పళ్ళబుట్టతో బళ్ళారివాడు. పేరు పిలవగానే ఎవరి ముందున్నవాళ్ళకి వాళ్ళు ఇచ్చెయ్యాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది?

బావ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మైకంటే ఆయనకి చచ్చేంత భయం. యాంకరమ్మ తన పేరు ఎప్పుడు పిలుస్తుందో అని కంగారులో, చెమట ఆరడానికి కాబోలు, అరచెయ్యి తెరిచాడు.

వెనక ఇద్దరూ మెరుపులా పక్కలు మారారు. పేటా కోసం తల వంచిన ముఖ్య అతిథి చేతుల్లో పళ్ళబుట్ట పడింది. పేటా వెళ్ళి ప్రిన్సిపాల్ గారి తలమీద కూర్చుంది. బావ భయంతో పిడికిలి బిగించాడు. ఇద్దరూ ఉన్నచోటే బిగుసుకున్నారు. "మార్చండ్రా, మార్చండ్రా" అని వేళ్ళు ఆడించాడు. ఇద్దరూ ఒక్క అడుగు ముందుకి ఉరికి, మళ్ళీ వెనక్కొచ్చారు. ఇదేదో టెన్నిస్ వాళ్ళ డ్రిల్లనుకుని జనం చప్పట్లు కొట్టారు.

ప్రిన్సిపాల్ పేటా తియ్యలేదు. అంతకాలం అందరి తలలకీ పెట్టించిన మనిషి కదా, పాపం, తన వంతు రాకరాక వచ్చింది. ముఖ్య అతిథి బుట్ట ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. అందులోంచి ఒక దానిమ్మపండు దొర్లి స్టేజి దిగి అక్క కాళ్ళ దగ్గర ఆగింది. అక్క అటూ ఇటూ చూసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

రాత్రి ఇంట్లో, "రేపు మెమో ఇస్తారేమో" అని అక్క దిగులుపడింది.

"ఇస్తే ఇవ్వనీ! ఇద్దరూ సైగ చూశారే! ఒక్క అడుగు తేడా లేకుండా కదిలారే! మధ్యలో గుద్దుకోలేదు కూడా, గమనించావా?" అన్నాడు బావ, కళ్ళు మెరుస్తూ.

"అయితే ఇకమీదట బంతి బదులు పేటా పెట్టి ఆడించు" అంది అక్క, దానిమ్మ గింజలు ఒలుస్తూ.

మర్నాడు పొద్దున్నే బావ దగ్గర్నుంచి నాకు మెసేజ్: "ఒరేయ్, చిక్‌పేటలో పేటా ఎంతుంటుందో కాస్త కనుక్కో. రెండు కావాలి."