లైట్‌హౌస్ ఎక్కే మొగోడు

(అంబర్‌పేటల ఒక ఇల్లు. యాదగిరి మోకాలికి బామ్ రాసుకుంటున్నడు. సుగుణ బ్యాగు సర్దుతున్నది.)

యాదగిరి: చార్మినార్‌కు 149 మెట్లు, గోల్కొండకు మూడు వందలకు పైనే. ఇంట్ల ఇన్ని మెట్లు పెట్టుకొని, మెట్లెక్కనీకి మహాబలిపురం దాకా పోవాల్నా?

సుగుణ: ఆ రెండిట్ల మీరు ఏది ఎక్కిండ్రు?

యాదగిరి: కిందికెళ్లి చూస్తెనే అందం.

సుగుణ: ఈసారి కింద నిలబడనియ్య. రాతితోని కట్టిన లైట్‌హౌస్, 1904ల వెలుగుడు మొదలైంది. అంతకుముందు దీపం పక్కనే ఉన్న పల్లవుల కాలం గుడి మీద పెడ్తుండిరి. ఓలక్కణ్ణేశ్వరుడి గుడి.

యాదగిరి: శివుడి నెత్తిమీద చంద్రుడు చాలలేదా?

సుగుణ: 2001ల జనాన్ని రానిచ్చుడు బంద్ చేసి, మళ్ల 2011ల తెరిచిండ్రు.

యాదగిరి: మళ్ల మూస్తరేమో, ఆగుదాం. అయినా పాత కట్టడం బాగు చేసుడంటే ఏముంది, సిమెంటు కొట్టి రంగేస్తరు.

సుగుణ: సిమెంటే గద మీ ప్రాణం! ఊర్ల డంగు సున్నం గోడకు సిమెంటు పూయించిండ్రు. వానకాలం దాటకముందే పెచ్చులూడింది. ఎందుకో ఎరుకేనా?

యాదగిరి: మేస్త్రీ దొంగ.

సుగుణ: మేస్త్రీ మంచోడే. గోడ తడి పీలుస్తది, సున్నం ఆ తడిని బయటికి వదుల్తది. సిమెంటు మూత పెడ్తది. సముద్రం ఒడ్డుకైతే ఆ తడిల ఉప్పు కూడ ఉంటది. ఆరినప్పుడు పలుకులు కట్టి పైపొరను లోపల్నుంచి తోస్తది.

యాదగిరి: మరి ఏం జేస్తరు, మంత్రం వేస్తరా?

సుగుణ: రాళ్ల సందుల్ల సిమెంటును సన్న ఉలితోని, చేత్తోనే తీస్తరు. మిషిన్ పెడితే రాయి అంచులు పగుల్తయ్. సందు ఎంత వెడల్పో దానికి రెండింతల లోతు తియ్యాలె. దుమ్ము కడిగి, తడిపి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి అదిమి నింపాలె. తడపకపోతే రాయి సున్నంల నీళ్లు గుంజుకుంటది, అంతా పొడిపొడి. నింపినంక తడి గోనె పట్టాలు కప్పి, ఎండ తగలకుండ కాపాడాలె.

యాదగిరి: ఇసుకకైతే ఖర్చు లేదు. ముంగటనే సముద్రం.

సుగుణ: అయ్యో దేవుడా! ఏ ఉప్పును తీస్తున్నరో అదే ఉప్పును మళ్ల గోడల పెడ్తరా? నది ఇసుకే కావాలె.

యాదగిరి: సరే తియ్. ఇంత జేసి పైన ఉండేది ఒక బల్బే గద.

సుగుణ: ఇప్పుడు కరెంటు. పాత లైట్‌హౌస్‌లల్ల గ్యాసునూనెను ఆవిరి చేసి మ్యాంటిల్ అనే చిన్న జాలి సంచి మీద మండించేటోళ్లు. మన పెండ్లి ఊరేగింపుల మోసిన పెట్రోమాక్స్‌ది గదే పని. దాని చుట్టు ఫ్రెనెల్ అద్దం, మెట్లు మెట్లుగ కోసిన గాజు పలకలు. చెల్లాచెదురైతున్న వెలుగునంతా ఒక్క దిక్కుకు మళ్లిస్తయ్. టన్నుల బరువున్న అద్దాలను పాదరసం తొట్టిల తేలేసేటోళ్లు. వేలితోని నూకితే తిరుగుతుండె.

యాదగిరి: అబ్బ! మన బీరువా కింద గింత పోస్తే...

సుగుణ: దాని ఆవిరి పీలిస్తే నరాలు దెబ్బతింటయ్. మీకు వద్దు, ఉన్నయే సరిగ పనిచేస్తలేవు.

యాదగిరి: పైకెళ్లి శ్రీలంక కనిపిస్తదా?

సుగుణ: భూమి గుండ్రం గద. 25 మీటర్ల ఎత్తు నుంచి చూపు ఆనేది సుమారు 18 కిలోమీటర్లే. ఒకవేళ అద్దం దగ్గరికి రానిస్తే, దాని చుట్టున్న తెర మాత్రం సెల్ఫీ కోసం జరపకుండ్రి. పగటి ఎండ అద్దంల పడి ఒక్కచోట కూడితే లోపలి దీపం కాలిపోతది.

(యాదగిరి సర్వపిండి డబ్బా, రెండు లీటర్ల నీళ్ల సీసా, గొడుగు తెచ్చి బ్యాగుల కుక్కుతున్నడు.)

సుగుణ: పైకి ఇవన్నీ మోస్తరా? లైట్‌హౌస్‌లల్ల చివరి మెట్లు నిచ్చెనంత నిట్టనిలువుగ ఉంటయ్, రెండు చేతులు ఖాళీగుండాలె. దిగేటప్పుడు మెట్ల దిక్కే మొఖం పెట్టి ఎనకకు దిగాలె. ముందుకు చూసుకుంట దిగితే మడమ ఆనదు. గొడుగైతే గాలికి మీతోని సహా పోతది. ఆ హవాయి చెప్పులు విడిచి బూట్లేసుకోండి.

యాదగిరి: సర్వపిండి?

సుగుణ: కింద తిందురు.

యాదగిరి: అదే నేను చెప్తున్న! నువ్వు ఎక్కిరా, నేను కింద డబ్బా కాడ కావలి ఉంట.

సుగుణ: గట్లంటరనే తయారు చేస్తున్న. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు అయినయ్. మీది అప్పర్ బెర్తు.

యాదగిరి: ఈ మోకాళ్లతోనా! లోయర్ దొరకలేదా?

సుగుణ: దొరికింది. అది నాది.