పూలు కోసే పుణ్యాత్ములు

ఫాల్గుణం వచ్చిందంటే తిరుపతిలో మొక్కలు పెంచేవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. వసంతం వస్తుందో రాదో అని కాదు. దానికేం, వస్తుంది. వచ్చి, నాలుగు రోజులుండి, తాళాలు ఎండాకాలానికి అప్పజెప్పి పోతుంది. టెన్షన్ అంతా ఆ వసంతం ఇంట్లోకి వస్తుందా, లేక గోడ దగ్గరే ఎవరైనా కోసుకుపోతారా అని.

‘ఎవరైనా’ అని మర్యాదకు అన్నాను. ఎవరో మీకూ తెలుసు. మీ వీధిలోనూ ఉన్నారు. ఈ పాటికి రేపటికి కవర్ మడిచి జేబులో పెట్టుకునే ఉంటారు.

మొక్కలున్నవాడి బతుకు ఈ రెండు నెలలూ చాలా సాదా బతుకు. సంక్రాంతి దాటాక మల్లెచెట్టుకు కొమ్మలు కత్తిరిస్తాం, ఉన్న ఆకు దూసేస్తాం, కొన్నాళ్ళు నీళ్ళు కూడా తగ్గిస్తాం. చూసేవాళ్ళు చెట్టును చంపేస్తున్నామనే అనుకుంటారు. మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్త చిగురు చివరే మొగ్గ తొడుగుతుంది. అందుకే ఈ హింస. ఆ తర్వాత పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, రోజూ పోయి చూడటమే పని. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేసరికి కణుపు కణుపుకీ పచ్చటి నలుసు కనిపిస్తుంది. ఆ నలుసును ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి చూపిస్తాం. ఎవరూ రారు. మందారానికి పిండినల్లి పడితే వేపనూనె, సబ్బు నీళ్ళు కలిపి కొట్టడం, పాత పెయింటు డబ్బాలకు అడుగున బెజ్జాలు పెట్టడం, బియ్యం కడిగిన నీళ్ళు పారబోయొద్దని వంటింటి గుమ్మంలో నిలబడి బతిమాలడం, మిగతా రోజంతా ఇదే.

కొండకు దగ్గర ఇళ్ళు కాబట్టి కోతులూ వస్తాయి. వాటితో ఇబ్బంది లేదని అనను. కానీ టమోటాలు తిన్న కోతి అదే సాయంత్రం వీధి మలుపులో ఎదురై, “మీ చెట్టు ఈసారి సరిగ్గా కాయలేదే!” అని పరామర్శించదు.

ఇక అసలు విషయం. తెల్లవారుజామున ఐదవుతుంది. యూనివర్సిటీ వైపు వాకింగుకు పోయే పెద్దమనిషి ఒకరు మా గోడ దగ్గర ఆగుతారు. మంకీ క్యాపు, తెల్లటి షూస్, చేతిలో గొడుగు. ఫిబ్రవరిలో తిరుపతిలో గొడుగెందుకు అని అడిగేవాడు అమాయకుడు. గొడుగు పిడి వంకర తిరిగి ఉంటుంది గదా, దాని కోసం. ఆయనతో వచ్చే మేడంది ఇంకొంచెం ఆధునిక పద్ధతి, పీవీసీ పైపు చివర ఇనుప తీగ వంచి బిగించిన దోటి. ముందు ఇద్దరూ అటూ ఇటూ చూసి, నడుము వంచి కాసేపు వ్యాయామం చేస్తారు. ఇది రెక్కీ. తర్వాత ఆయన ఫోన్‌లో సుప్రభాతం పెడతారు. భక్తితో పెట్టారని మొదట్లో అనుకునేవాణ్ణి. కొమ్మ విరిగిన చప్పుడు వినిపించకుండా ఉండటానికి అంత అనువైన ఏర్పాటు మరొకటి లేదు.

దోటి లేస్తుంది. నందివర్ధనం కొమ్మ గోడ మీదుగా రోడ్డు మీదకు వంగుతుంది. మేడం రెండు చేతులా దూస్తారు. విచ్చుకున్నవి అయిపోగానే మొగ్గల వంతు. రేపటి పువ్వు రేపు ఇంకెవరి పాలవుతుందో ఏమో, నీళ్ళలో వేస్తే ఇంట్లోనే విచ్చుకుంటుందట. తర్వాత గన్నేరు, తర్వాత మందారం. పోయినసారి గోడ మీదికి పాకిన గుమ్మడి తీగను కూడా వదల్లేదు. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద గోళీకాయంత పిందె ముందే ఉంటుంది. మేడం ఏరి ఏరి ఆడపువ్వులే కోశారు, పిందెతో సహా. పూజ గదిలో రంగు బాగుంటుందని.

మిద్దె మీద నుంచి దగ్గాను. ఇద్దరూ తలెత్తి చూశారు. భయపడింది నేనొక్కణ్ణే.

“ఏం సామీ, అప్పుడే లేస్తిరే!” అన్నారు పెద్దమనిషి, దోటి దించకుండా.

“పూలు...” అన్నాను.

“అవునప్పా, ఈ పక్క బాగా పూస్తాండాయి. ఆ కొమ్మకే పురుగు పట్టింది చూడు. సామికి పెట్టేవి గదా, కొంచెం మందు కొట్టకూడదా?”

మేడం అందుకున్నారు. “తెల్లవి చాల్లేన్నా, ఎర్ర మందారం ఒకటి పెట్టండి. శుక్రవారం అమ్మవారికి ఎర్రవి కావల్ల.”

ఇది దొంగతనం కాదండీ, ఇన్‌స్పెక్షన్. నేను ఇన్నాళ్ళూ నా మొక్కలు పెంచుకుంటున్నానని భ్రమపడ్డాను, వాళ్ళ తోటలో మాలిగా పనిచేస్తున్నాను. జీతం లేదు, పైగా పనితీరు బాగాలేదని మెమో.

మరి వాళ్ళింట్లో ఒక్క చెట్టయినా ఉండకూడదా అంటే, ఉండకూడదు. గేటు నుంచి గుమ్మం దాకా టైల్స్ పరిచారు. చెట్టుంటే ఆకు రాలుతుంది, ఆకు రాలితే చెత్త. మా వేపాకు గాలికి ఎగిరి వాళ్ళ కారు మీద పడిందని నెలకోసారి పంచాయితీ పెడతారు. పువ్వయితే దేవుడిది, ఆకయితే నాది.

తిరుమల కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదేనని నియమం. అందుకే అక్కడ ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. చక్కటి సంప్రదాయం, దానికి దణ్ణం పెడతాను. వీళ్ళు మాత్రం ఆ నియమాన్ని అలిపిరి మీదుగా కిందికి దింపి మా కాంపౌండు గోడ దాకా పొడిగించారు. స్వామి వారు ఏమైనా అడిగారా? ఆయనకు ఉద్యానవన విభాగం ఉంది, మూడు రాష్ట్రాల నుంచి లారీల్లో పూలు పంపే దాతలు ఉన్నారు. కార్తీకంలో పుష్పయాగం చేస్తే టన్నుల లెక్క. అందులో మా గన్నేరు నాలుగు తగ్గాయని ఆయన ఇంతవరకూ కబురు పెట్టలేదు.

పోనీ, పూల దొంగతనానికి మన ఊళ్ళో పెద్ద చరిత్రే ఉంది, కాదనను. రామానుజుల వారి మాట మీద అనంతాళ్వారు తిరుమల చేరి, చెరువు తవ్వి, పూలతోట వేశాడు. తెల్లవారేసరికి తోటంతా చిందరవందర. కాపు కాస్తే ఒక రాత్రి రాజకుమారుడిలాంటి వాడొకడు, పక్కన భార్య, పూలు కోస్తూ దొరికారు. ఆయన తప్పించుకుని పరిగెత్తాడు. ఆమెను అనంతాళ్వారు సంపంగి చెట్టుకు కట్టేశాడు. పొద్దున్నే తెలిసింది, ఆమె సాక్షాత్తూ అమ్మవారని. దానికి గుర్తుగా ఇప్పటికీ బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు బాగ్ సవారి జరుగుతుంది. స్వామి ఆనాడు పారిపోయిన దారినే, అప్రదక్షిణంగా, ఆ తోటకు వేంచేస్తాడు. చెరువు తవ్విన గునపం ఇవాళ్టికీ మహాద్వారం దగ్గర వేలాడుతూ ఉంటుంది, ఈసారి క్యూలో తల ఎత్తి చూడండి.

ఈ కథ మా పెద్దమనిషికి నాకంటే బాగా వచ్చు. ఎవరైనా అడ్డుపడితే దీన్నే చెబుతారు. అందులో ఒక్క ముక్కే ఆయన దాటేస్తారు. ఏడుకొండలవాడు పూలు కోస్తూ పట్టుబడితే పరిగెత్తాడు. ఈయన పరిగెత్తరు. నిలబడి పురుగుమందు పేరు చెబుతారు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే రాయగలను. పోయిన ఎండాకాలం మా వీధి చివర ఒక ఇల్లు కడుతున్నారు. అక్కడ ఇసుక మోసే ఆవిడ కొడుకు, ఏడెనిమిదేళ్ళ వాడు, మధ్యాహ్నం వేళ పక్కింటి గోడ మీదుగా చెయ్యి చాపి ఒక జామకాయ కోసుకున్నాడు. ఒక్కటి. ఈ గొడుగు పెద్దమనిషే వాడి చెవి పట్టుకుని మెలిపెట్టి, చెంప మీద కొట్టారు. “ఈ వయసులోనే దొంగతనమా! మీ అమ్మ నేర్పించిందా?” అని వీధంతా వినేట్టు అరిచారు. వాళ్ళమ్మ సిమెంటు చేతులతోనే దణ్ణం పెట్టింది. జామచెట్టు ఆయనది కూడా కాదు. ఆ చెట్టు వాళ్ళు తలుపు తీసి ఏమైందని అడిగేలోపే తీర్పు అయిపోయింది, శిక్ష అయిపోయింది. కొట్టిన ఆ చేతికి పొద్దున కోసిన నా గన్నేరు జిగురు ఇంకా అంటుకునే ఉంటుంది.

సిగ్గుండాలి. వాడికి ఆకలేసింది. మీకేం వేసింది? ఒకటో తారీకు పెన్షన్ పడుతుంది గదా. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్ముకునే మనిషితో మూర మల్లెలకు అరగంట బేరమాడి, కొసరు మీద కొసరు అడిగి, చివరికి “మా వీధిలో ఊరికే దొరుకుతాయిలే” అని వదిలేసి వచ్చింది మీరే గదా. ఆమె పూట గడవకుండా చేసి, ఆ పసివాడి చెంప పగలగొట్టి, తర్వాత పూజగదిలో కూర్చుని గంట వాయిస్తారా? పువ్వు పెట్టకపోతే అలిగే దేవుడెవరో చెప్పండి, నేనే వచ్చి సర్దిచెబుతాను.

సరే. అరిచి లాభం లేదు, చట్టం చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్. నేలకు అతుక్కుని ఉన్నంతవరకు ఏదైనా దొంగతనం కిందికి రాదు, వేరు చేసిన క్షణం నుంచి వస్తుందని అందులో వివరంగా రాసి ఉంది. అంటే పువ్వు కొమ్మకున్నంత సేపు మేడం నిర్దోషి, తెంపిన క్షణం నుంచి ముద్దాయి. సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, శిక్ష పడటం అదే మొదటిసారి అయితే, ఆ సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే జైలు లేదు, సమాజ సేవ చేస్తే చాలు.

తిరిగి ఇవ్వడం గురించి వాళ్ళు బెంగపడనక్కర్లేదు, ఇప్పటికే ఇస్తున్నారు. నిర్మాల్యం ఎవరూ తొక్కకూడదు గదా, అందుకని వాడిన పూలన్నీ కవర్‌లో మూటగట్టి, అగరుబత్తి డబ్బాలు, కర్పూరం కాగితాలతో సహా, మా చెట్టు మొదట్లోనే వేసి పోతారు. టీటీడీ వాళ్ళు గుడి పూలతో 2021 నుంచి అగరుబత్తులు చేయిస్తున్నారు. మా వాళ్ళు అంత శ్రమ పెట్టుకోరు.

ఇక మిగిలింది సమాజ సేవ. నా దగ్గర పని సిద్ధంగా ఉంది. పిడకల ఎరువు చిదపాలి, వంటింటి చెత్త కుళ్ళబెట్టిన డ్రమ్ము తిరగెయ్యాలి, వాసనకు అలవాటు పడటానికి రెండు రోజులు పడుతుంది. మందారం ఆకులు ఒక్కొక్కటీ తిప్పి పిండినల్లి తుడవాలి. అన్నిటికన్నా ముందు మునగచెట్టు, మాను నిండా గొంగళిపురుగులు పట్టాయి. ఐదింటికల్లా వస్తే ఎండ ఎక్కేలోపు ఏరెయ్యచ్చు. గ్లౌజులు ఇవ్వబడవు.