అత్త కొట్టిన అక్షరం

ఇంగ్లీషులో స్పెల్లింగ్ తప్పు రాయడం నేరమా కాదా అన్న విషయంలో మనవాళ్లకు అనవసరమైన అయోమయం ఉంది. టీచర్లు నేరమే అంటారు. వాట్సాప్‌లో పెరిగిన పిల్లలు అదసలు నేరమే కాదంటారు. నిజానికి చట్టం చాలా స్పష్టంగా ఉంది. ఎవరూ దాన్ని పుస్తకంలోకి ఎక్కించలేదు గానీ, ఇంగ్లీషు పుట్టిన చోటా పెరిగిన చోటా కొన్ని వందల ఏళ్లుగా చక్కగా అమలవుతోంది. ఏ అక్షరం తప్పిందన్నది అక్కడ ఎవరూ చూడరు, ఎవరి చేతిలో తప్పిందన్నదే చూస్తారు. మన పెద్దవాళ్లు ఈ చట్టాన్ని ఏనాడో ఒక్క ముక్కలో చెప్పేశారు: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

నమ్మకం కలగనివారి కోసం కొన్ని పాత కేసులు తిరగేద్దాం.

ఒళ్లు మండించే తప్పు ఏదని ఏ ఇంగ్లీషు టీచరునైనా అడగండి. ‘ఇట్స్’ అంటారు. ‘దాని’ అనే అర్థంలో అయితే అపాస్ట్రఫీ ఉండకూడదు, ‘అది ఫలానా’ అనే అర్థంలో అయితే ఉండాలి. ఆరో తరగతి పిల్లవాడు ఇది తారుమారు చేస్తే ఎర్ర ఇంకు పడుతుంది. అమెరికా రాజ్యాంగం కూడా సరిగ్గా ఇదే తప్పు చేసింది. మొదటి అధికరణం, పదో సెక్షన్. ఉండకూడని చోట అపాస్ట్రఫీ దర్జాగా కూర్చుని ఉంటుంది. అంతటితో అయిపోలేదు. 1787లో ఆ పత్రం తయారైంది ఫిలడెల్ఫియాలో. ఫిలడెల్ఫియా ఉన్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలో. ఆ రాష్ట్రం పేరు మొదటి అధికరణంలో పక్కపక్కనే రెండు ఎన్‌లతో ఉంటుంది, సంతకాల దగ్గరికి వచ్చేసరికి ఒక ఎన్ రాలిపోయింది. ఎవరి ఊళ్లో కూర్చున్నారో ఆ ఊరి రాష్ట్రం పేరే ఒకే పత్రంలో రెండు రకాలుగా! మన దగ్గర బ్యాంకు ఫారం ఇలా నింపితే కౌంటరులోనే చించి చేతికిస్తారు. ఆ పత్రాన్ని మాత్రం వాషింగ్టన్‌లో గాజు పెట్టెలో పెట్టి కాపలా కాస్తున్నారు. ఆ రోజుల్లో అలా రాసినా చెల్లేదని పండితులు సర్దిచెబుతారు. చెల్లేదనే కదా నేనూ అంటున్నది.

పండితులంటే గుర్తొచ్చింది. అప్పు అనే అర్థంలో వాడే ‘డెట్’లో పలకని బి ఒకటి ఉంది. ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు ఆ మాటలో బి లేదు. లాటిన్ మూలంలో ఉంది కాబట్టి ఇక్కడా ఉండాల్సిందేనని తర్వాతి పండితులు దాన్ని తెచ్చి ఇరికించారు. ‘ఐలాండ్’ సంగతి మరీ ఘోరం. దానికి లాటిన్‌తో చుట్టరికమే లేదు. ఉందని పొరబడి మధ్యలో ఎస్ దూర్చారు. చుట్టం కాదని తేలిన తర్వాత కూడా ఎస్ ఇల్లు ఖాళీ చేయలేదు. ఇప్పుడు మన పిల్లవాడు పరీక్షలో బి వదిలేసి డెట్ అని రాస్తే అర మార్కు పోతుంది. వాడు రాసింది నిజానికి పాత పద్ధతికే దగ్గర. కానీ వాడికి లాటిన్ రాదు కాబట్టి తప్పు. వాళ్లకు లాటిన్ వచ్చు కాబట్టి, వాళ్లది తప్పైనా పాండిత్యమే.

ఇక అమెరికా నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ గారు. 1828లో పెద్ద నిఘంటువు అచ్చువేసి, ‘కలర్’లో యు తీసేసి, ‘సెంటర్’ చివరి రెండక్షరాలను తిరగేసి కూర్చోబెట్టారు. దేశం ఒప్పుకుంది. ‘విమెన్’ను పలికినట్టే డబ్ల్యు, ఐ, రెండు ఎమ్‌లతో రాద్దామని కూడా ఆయన అన్నారు. దేశం ఒప్పుకోలేదు. ఒకే మనిషి, ఒకే బుద్ధి. సగం అమెరికన్ ఇంగ్లీషు అయింది, సగం అచ్చుతప్పుగా మిగిలింది. సులువు చేస్తామన్న ఆ దేశం ఏం చేసిందో కూడా చూడండి. ‘ప్రాక్టీస్’, ‘లైసెన్స్’ రెంటికీ బ్రిటిష్ వాళ్లు నామవాచకమైతే సి, క్రియ అయితే ఎస్ పెడతారు. ఈ గొడవంతా ఎందుకని అమెరికా ప్రాక్టీస్‌కు ఎప్పుడూ సి, లైసెన్స్‌కు ఎప్పుడూ ఎస్ ఖాయం చేసింది. దీన్ని సంస్కరణ అంటారు.

(స్టేషనరీ అనే మాట చివర్లో ఆర్‌కు ముందు ‘ఈ’ వస్తే కాగితాలూ కవర్లూ, ‘ఏ’ వస్తే కదలకుండా ఉండటం అని ఇక్కడ హెచ్చరించాలి. తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి నాకు ఆ భయం లేదు.)

అత్తగారికి పైన ఇంకో అత్తగారు ఉంటే ఏమవుతుందన్నది చిక్కు ప్రశ్నే. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మూడు వందల మాటల స్పెల్లింగులు సులువు చేసి, ప్రభుత్వ ముద్రణాలయం ఇకపై ఇలాగే అచ్చువేయాలని ఆదేశించారు. ఆ డిసెంబరులో ప్రతినిధుల సభ కుదరదంది. ఆయన వెనక్కి తగ్గారు. పనామా కాలువ తవ్వించిన మనిషి ఒక నిశ్శబ్ద అక్షరాన్ని పెకిలించలేకపోయారు. 1992లో ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. న్యూజెర్సీలో ఒక బడికి వెళ్లి, పన్నెండేళ్ల పిల్లవాడు బోర్డు మీద సరిగ్గానే రాసిన ‘పొటాటో’ చివర ‘ఈ’ పెట్టించారు. ఆయన చేతికి బడివాళ్లు ఇచ్చిన కార్డులోనే అలా ఉంది పాపం. దేశమంతా నవ్వింది. ఆ నవంబరులో ఆయన పార్టీ ఎన్నికల్లో ఓడింది. దానికి ఆలుగడ్డ ఒక్కటే కారణమని ఎవరూ అనరు.

నవ్వు రాని కేసు ఒకటుంది. బ్రిటన్‌లో కంపెనీల రిజిస్టరును చూసే ప్రభుత్వ కార్యాలయం పేరు కంపెనీస్ హౌస్. 2009లో ‘టేలర్ అండ్ సన్’ అనే కంపెనీని మూసేస్తున్నట్టు నమోదు చేయబోయి, ‘టేలర్ అండ్ సన్స్’ ఖాతాలో నమోదు చేశారు. తేడా ఒక్క ఎస్. ఆ రెండో కంపెనీ కార్డిఫ్‌లో నిక్షేపంగా నడుస్తోంది. తప్పు తెలుసుకుని కొద్దిరోజుల్లోనే దిద్దారు గానీ, ఆలోపే కంపెనీల పరపతి లెక్కలు చూసే సంస్థలకు వార్త చేరిపోయింది. సరుకిచ్చేవాళ్లు అప్పు ఆపేశారు, కొనేవాళ్లు జారుకున్నారు. కంపెనీ నిజంగానే మూతపడింది, రెండు వందల యాభై మందికి పైగా రోడ్డున పడ్డారు. బాధ్యత కంపెనీస్ హౌస్‌దేనని హైకోర్టు చెప్పేసరికి 2015 వచ్చింది. కొట్టింది ఎంత పెద్ద అత్త అయినా, పగిలింది పక్కింటివాళ్ల కుండ అయితే, అడగడానికి ఆరేళ్ల ఓపిక కావాలన్నమాట.

కంప్యూటర్ల లోకం ఈ విషయంలో నిజాయితీగా ఉంది. అక్కడ తప్పును దిద్దరు, చట్టం చేస్తారు. మీరు ఏ పేజీ నుంచి వచ్చారో వెబ్‌సైటుకు చెప్పే ‘రెఫరర్’ అనే మాటను తొలినాళ్లలో ఒక ఆర్ తక్కువగా రాశారు. వెబ్ ఎలా నడవాలో నియమాలు చెబుతూ 1996లో వచ్చిన పత్రంలోనూ అలాగే ఉంది. ఇప్పటికీ బ్రౌజర్లు ఆ తప్పునే మోస్తున్నాయి. మాదాపూర్‌లో కూర్చున్న మన కుర్రాడు ఇంగ్లీషు మీద గౌరవంతో దాన్ని సరైన స్పెల్లింగుతో రాస్తే ప్రోగ్రాం పనిచేయదు. ఆ సమాచారం ఎంతవరకు చెప్పాలో నిర్ణయించడానికి తర్వాత పుట్టిన ‘రెఫరర్ పాలసీ’కి మాత్రం సరిగ్గానే పేరు పెట్టారు. కాబట్టి ఇప్పుడు అక్కడ తప్పుగానూ ఇక్కడ ఒప్పుగానూ రాయడం తప్పనిసరి.

మన విషయానికొస్తే, కడప పేరులో తెల్లదొరలు రెండు డీలు, చివర హెచ్ పెట్టి వెళ్లిపోతే, 2005 దాకా మనం ఆ స్పెల్లింగును భద్రంగా మోశాం. ఊరికి దక్కిన ఆ మర్యాద మనిషికి దక్కదు. టెన్త్ సర్టిఫికెట్‌లో లక్ష్మికి కే, ఎస్, హెచ్ ఉండి, ఆధార్‌లో ఎక్స్ పడితే, ఆవిడ ఇద్దరు మనుషుల కింద లెక్క. పలికితే ఒకటే కదా అంటే ఆఫీసులో వినరు. పలికినట్టు రాసే అలవాటు ఇంగ్లీషుకు లేదని పైన చూశాం. అందుకని ఆవిడ స్టాంపు పేపరు కొని, కోర్టు ఎదురుగా చెట్టు కింద కూర్చునే టైపిస్టు దగ్గరికి వెళ్లాలి. ‘ఈ ఇద్దరు లక్ష్ములూ నేనే’ అని అఫిడవిట్ కొట్టించుకోవాలి. ఆ టైపిస్టు తొందరలో సి, హెచ్, ఎమ్, ఐ అంటూ మూడో లక్ష్మిని పుట్టిస్తాడు. నోటరీ గారు చదవకుండానే గుండ్రటి ముద్ర వేస్తారు. ఆఫీసువాళ్లు ముద్ర చూసి తృప్తిగా తలూపి, ఆ అఫిడవిట్‌కు రెండు జిరాక్సులు తెమ్మంటారు.