సవరణ: రూట్ కెనాల్ పోస్టుకి చిన్న క్లారిటీ

నిన్న పంటి ఇన్ఫెక్షన్ గురించి పెట్టిన పోస్టులో "యాంటీబయాటిక్ వాడాక వాపు తగ్గుతుంది, తర్వాత రూట్ కెనాల్ చేస్తారు" అని రాశా కదా, మొదటి సగమే చదివి ఇక టాబ్లెట్లతో సరిపోతుందనుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, అందుకే ఈ సవరణ.

టాబ్లెట్ మందు రక్తంతోనే కదా పంటి దాకా వెళ్లేది, లోపలి గుజ్జు (నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం) చచ్చిపోయాక అక్కడికి రక్తమే పోదు, ఇంక మందెలా పోతుంది? వాపు తగ్గేది చుట్టుపక్కలే, బ్యాక్టీరియా మాత్రం పంటి లోపల అలాగే ఉంటుంది, కొన్నాళ్లకి మళ్లీ చీము. అసలు అందరికీ యాంటీబయాటిక్ అవసరం కూడా ఉండదు. ఇంకోటి, జివ్వుజివ్వుమని లాగిన పన్ను ఉన్నట్టుండి సైలెంట్ అయిపోతే నయమైనట్టు కాదండీ, నరం చచ్చిపోయి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించుకోండి.

"రూట్ కెనాల్ అంటే పంటి వేర్లు పీకేస్తారా" అని కొందరు అడిగారు, పీకరు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఫైళ్లనే సన్నటి సూదుల్లాంటి పరికరాలతో వేర్ల లోపలి కాలువల్లోంచి గుజ్జు తీసి, సోడియం హైపోక్లోరైట్ అనే క్రిముల్ని చంపే ద్రవంతో కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి మూసేస్తారు. పై దవడ పెద్ద దంతాల్లో చాలాసార్లు నాలుగో కాలువ కూడా ఉంటుంది, అది వెతకడానికే టైం పడుతుంది, ఊరికే సిట్టింగులు పెంచుతున్నారని డాక్టర్ని తిట్టుకోకండి. ఆ తర్వాత పంటికి తొడిగే క్యాప్ దండగ అని మానేస్తే మాత్రం నమిలే పన్ను విరిగే ఛాన్స్ ఎక్కువ.

వాపు మెడకి దిగినా, జ్వరం వచ్చినా, మింగడమో నోరు తెరవడమో కష్టమైనా అపాయింట్‌మెంట్ అని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.