ఆ గ్రూపులో పని చేసింది బ్రయన్ ఒక్కడే

ఆఫీసు ట్రైనింగుల్లో టక్‌మన్ మోడల్ (ఏ గ్రూపైనా ఐదు దశలు దాటుతుందనే సిద్ధాంతం) ఎత్తారంటే చాలు, వెనకాలే 'ది బ్రేక్‌ఫస్ట్ క్లబ్' సినిమా క్లిప్ వేస్తారు. ఫార్మింగ్ (కలవడం), స్టార్మింగ్ (గొడవపడటం), నార్మింగ్ (సర్దుకోవడం), పెర్ఫార్మింగ్ (పని చేయడం), ఆఖర్న అడ్జర్నింగ్ (విడిపోవడం). దశలు ఐదు, పిల్లలూ ఐదుగురే, లెక్క సరిపోయిందని చప్పట్లు. నాకైతే ఒళ్లు మండుతుంది.

1985లో జాన్ హ్యూస్ తీసిన సినిమా ఇది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, ఓ హైస్కూలు, శనివారం పొద్దున్నే లైబ్రరీలో డిటెన్షన్, అంటే తప్పు చేసిన పిల్లల్ని శిక్షగా కూర్చోబెట్టడం. కుస్తీ ఆడే ఆండ్రూ, డబ్బున్నింటి క్లేర్, మార్కుల బ్రయన్, నోరు విప్పని ఆలిసన్, అందర్నీ గెలికే బెండర్. వెర్నన్ సారు పెట్టిన పని ఒక్కటే: మీరెవరో మీరే వెయ్యి పదాల్లో రాసివ్వండి. ఈ పని సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అసలు ఆ దశలు వరసగా ఎక్కడొచ్చాయి? బెండర్ తలుపు స్క్రూ పీకేసే సీన్ చూడండి. అప్పటికి వీళ్లకి ఒకరంటే ఒకరికి పడదు, ఆండ్రూకీ బెండర్‌కీ కొట్టుకోవడమే తక్కువ. వెర్నన్ ఊగిపోతూ వచ్చి తలుపు ఎవరు మూశారని అడిగితే అదే ఆండ్రూ, దానంతటదే మూసుకుంది సార్ అంటాడు. స్క్రూ ఎవరైనా ఎందుకు దొంగిలిస్తారండీ అని క్లేర్ అమాయకంగా అడుగుతుంది. ఒక్కరు కూడా పేరు చెప్పరు. స్టార్మింగ్ సగంలో ఉండగానే నార్మింగ్ వచ్చేసింది, అదీ ప్రేమ పుట్టి కాదు, ఎదురుగా సారు నిలబడ్డాడు కాబట్టి!

తర్వాత నేల మీద చుట్టూ కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కుతారే, ఆ సీన్ ఇంకా గొప్పది. షాప్ క్లాసులో (చేతిపనులు నేర్పే క్లాసు) ఏనుగు బొమ్మ ల్యాంపు వెలగక ఫెయిలయ్యానని బ్రయన్ ఏడుస్తాడు. అంత దగ్గరైన గంటలోనే, సోమవారం మనం మాట్లాడుకుంటామా అని వాడు అడిగితే, లేదని క్లేర్ మొహం మీదే చెప్పేస్తుంది. ఇక ఆమె మీద విరుచుకుపడతారు. ఆ గొడవలోనే బ్రయన్ తన లాకర్లో తుపాకీ దొరికిందంటాడు (అది వెలుగుతో సంకేతమిచ్చే ఫ్లేర్ గన్ అని తేలాక అందరూ నవ్వుతారు, వాడితో సహా). విడిపోవడం గురించిన మాట మధ్యలోనే వచ్చింది, పెద్ద గొడవ దాని తర్వాత వచ్చింది. మరి ఏ దశ అది?

టక్‌మన్‌ని నేనేమీ అనను. 1965లో ఆయన చూసిన పరిశోధనల్లో చాలావరకు థెరపీ గ్రూపులవే, అడ్జర్నింగ్ కూడా 1977లో జెన్సెన్‌తో కలిసి చేర్చిందే. ఆ చుట్టూ కూర్చున్న సీన్ చూస్తే థెరపీ గ్రూపు లాగే ఉంటుంది కూడా. దాన్ని తెచ్చి సేల్స్ టీముకి అతికించేవాళ్లతోనే నా పేచీ.

ఇప్పుడు ఆ పెర్ఫార్మింగ్ సంగతి. వ్యాసం ఎవరు రాశారు? మనందరి తరఫునా నువ్వు రాసెయ్ అని క్లేర్ తియ్యగా అడిగితే బ్రయన్ తలూపుతాడు. మన ఇంజినీరింగ్ ప్రాజెక్టు బ్యాచుల్లో రిపోర్టు మొత్తం ఒక్కడే కొట్టి, కవరు పేజీ మీద అందరి పేర్లూ వేసినట్టే. వాడు అక్కడ రాస్తుంటే ఆలిసన్‌కి మేకప్ వేసి ఆండ్రూకి నచ్చేలా తయారుచేస్తారు (నల్ల కాటుకతో ఎంత బావుండేది ఆ పిల్ల), క్లేర్ వెళ్లి బెండర్‌ని ముద్దు పెట్టుకుంటుంది, బయటికొచ్చాక తన డైమండ్ దుద్దు తీసి వాడి చేతిలో పెడుతుంది.

బ్రయన్‌కి ముద్దూ లేదు, దుద్దూ లేదు. వ్యాసం బల్ల మీద పెట్టి వాళ్ల నాన్న కారెక్కాడు. టీమ్‌వర్క్ అని ఈసారి క్లిప్ వేసే ట్రైనర్ గారూ, ఆ పిల్లాణ్ణి ఏ డబ్బాలో పెడతారో కాస్త చెప్పండి.