మహారాజశ్రీ ఉచిత ఆట గారికి

మహారాజశ్రీ ఉచిత ఆన్‌లైన్ ఆట గారికి,

నెల్లూరు జిల్లా విడవలూరు మండలం నుంచి ఒక తాత వ్రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు, అయిదు నిమిషాలకొక ప్రకటన వస్తూనే ఉంది. మా కుశలం గురించే కాస్త చెప్పుకోవాలి.

మా మనవడికి ఆరేళ్లు. 'ర' పలకమంటే 'ల' వస్తుంది. వాళ్ల నాన్న రొయ్యల చెరువు వాడికి 'లొయ్యల చెలువు'. జిల్లా పేరు 'నెల్లూలు'. మొదట్లో అందరికీ ముద్దుగానే ఉండేది. బడిలో తోటిపిల్లలు వెక్కిరించాక వాడు నోరు విప్పడమే తగ్గించాడు. మా ఆవిడ, కోరికకో రొట్టె ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకు వెళ్లి, స్వర్ణాల చెరువులో నిలబడి, వాడి కోసం చదువు రొట్టె పట్టుకుంది. మాట రొట్టె అని విడిగా ఉండదట. ఆ తర్వాత నెల్లూరులో ఒక స్పీచ్ థెరపిస్టు మేడం దొరికారు. ప్రతిసారీ బస్సులో రానూపోనూ పూటంతా పోతోందని, వారానికి రెండు రోజులు వీడియోలో చెబుతానన్నారు. ఆమె వెంట మీరూ మా ఇంట్లో కాలు పెట్టారు.

మేడం పద్ధతి నాకు నచ్చింది. ఒక పదం పలికితేనే పాచిక తిరగాలి. ఆట ఆమె కంప్యూటర్‌లో నడుస్తూ మా తెర మీద కనబడుతుంది, మౌసు మీద అధికారం ఆమెది. పదం పలికాక వాడికి ఇస్తారు, ఒక్క నొక్కుడు కాగానే వెనక్కి తీసుకుంటారు. ఆట బెల్లం, పదం మందు. అరగంటలో వాడి చేత వంద సార్లు పలికించాలని ఆమె తాపత్రయం. అరగంటలో వంద సార్లు నొక్కించాలని మీ తాపత్రయం. ఇద్దరి లెక్కా వందే కాబట్టి, మొదట్లో మీ ఇద్దరిదీ ఒకే పని అనుకున్నాను.

మీకు చెవులు లేవన్న సంగతి మూడో రోజుకు గానీ తెలియలేదు. వాడు 'లొయ్య' అన్నా మీరు చప్పట్లు కొడతారు. ఏమీ అనకపోయినా కొడతారు. ఆవులిస్తే మూడు నక్షత్రాలిచ్చారు. అన్ని చప్పట్లు మా ఊళ్లో ఎన్నికల సభల్లో కూడా పడవు, అక్కడ బిర్యానీ పొట్లం ఇచ్చినా సరే. మేడం "ఇంకోసారి, నాలుక కొన పైకి" అంటే, "ఆట బాగుందంది కదా" అని వాడు మిమ్మల్ని సాక్ష్యానికి పిలుస్తాడు. ఆమె డిగ్రీ చదివి, 1992 నాటి చట్టం ప్రకారం భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకున్న మనిషి. మీ నమోదు సంఖ్య ఎంతో సెలవిస్తే రాసుకుంటాను.

ఇక మీ భాష. ఇంగ్లీషు 'ఆర్' అక్షరం ఆట అని తెరిస్తే కుందేలు బొమ్మ వచ్చింది. ఇదేమిటంటే వాడు "కుందేలు" అన్నాడు. తప్పేముంది? అందులో 'ర' ఎక్కడుంది? తర్వాత వర్షం బొమ్మ. "వాన" అన్నాడు. మీ లెక్కలో రెండూ తప్పే. ఉంగరం దగ్గర మాత్రం అదృష్టవశాత్తూ ఇద్దరికీ కుదిరింది, "ఉంగలం" అన్నాడు. బొమ్మలే కాదు, మీ గొంతు కూడా మా వాడికి పనికిరాదని ఆ రోజే మేడం చెప్పారు. ఇంగ్లీషు 'ఆర్' పలికేటప్పుడు నాలుక కొన ఎక్కడా తగలదు, గాలిలో తేలుతుంది. తెలుగు 'ర'కు అది పైపళ్ల వెనుక చిగురును ఒక్క తట్టు తట్టి దిగాలి. 'ల'కు అక్కడే అంటుకుని ఉండిపోతే గాలి పక్కల నుంచి పోతుంది. మా వాడి నాలుక తట్టాల్సిన చోట అంటుకుంటోంది. మీరేమో అసలు తగలనే వద్దంటున్నారు. చివరికి మేడమే రొయ్య, రోలు, రంపం, చెరువు, పరుపు బొమ్మలు గీసుకుని వైకుంఠపాళి గళ్లలో అతికించారు. మీ దగ్గర వాడుకున్నది పాచిక ఒక్కటే.

ఇంకో చిక్కు. మీ రంగులు చూసి వాడు తెరలోకి దూరిపోతాడు. మేడానికి వాడి నాలుక కనబడాలి, కనబడేది నుదురు. వాడి గడ్డం పట్టుకుని వెనక్కి లాగే ఉద్యోగం నాది.

మా బావమరిది ఒకడున్నాడు. "ఆట ఉచితంగా దొరుకుతుంటే మేడానికి డబ్బెందుకు బావా?" అన్నాడు. "వల దొరికితే చేపల పులుసు అయిపోతుందా అన్నయ్యా?" అని మా ఆవిడ లోపలి నుంచే అడిగింది. నేను మధ్యలో కలగజేసుకోలేదు.

ఇంత రాసినా, మీకు ఒక బాకీ ఉన్న మాట దాచను. మొన్న వైకుంఠపాళిలో మా వాడు పెద్ద నిచ్చెన కింద నిలబడి ఉండగా, తెర నిండా రమ్మీ ప్రకటన దిగింది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. 2025లో కేంద్రం కూడా డబ్బు పందెపు ఆటలపై చట్టం తెచ్చింది. ఈ కబుర్లేవీ ఇంకా మీ దాకా రాలేదు కాబోలు. విచిత్రం ఏమిటంటే, మీ ఆటకు రాని తెలుగు ఆ ప్రకటనకు బ్రహ్మాండంగా వచ్చు. "రా... రా... రమ్మీ ఆడు!" అని ఎవరో గొంతు చించుకున్నారు. మా వాడు నవ్వుతూ అదే గొంతుతో "రమ్మీ!" అన్నాడు.

'లమ్మీ' కాదు. స్పష్టంగా, చిగురును తట్టిన 'ర'.

మేడం ప్రకటన మూసివేయబోయి ఆగిపోయారు. "నాన్నా, మళ్లీ అను" అన్నారు. పాతిక సార్లు అనిపించారు. కిటికీలు తెరిచే ఉన్నాయి, వీధిలో పోయేవాళ్లు మా ఇంటి గురించి ఏమనుకున్నారో తెలియదు. 'పదం మొదట ర: సాధించాడు' అని ఆమె పుస్తకంలో రాసుకున్నారు. ఏ పదంతో అన్నది రాశారో లేదో నేను అడగలేదు. పదం మొదట వచ్చినంత మాత్రాన మధ్యలోనూ చివరా వచ్చేయదని, వాటికి మళ్లీ మొదటి నుంచి పని ఉంటుందని చెప్పి, సోమవారం కలుద్దామన్నారు.

ఇట్లు,
వాడి నోట ఇప్పటికీ 'తాతయ్యగాలు'గానే ఉన్న
మీ విధేయుడు